మంత్రి గారూ, ఆ కట్ట కింద జమ్ము ఎందుకు మొలిచిందో వచ్చి చూడండి

గౌరవనీయులైన గనుల శాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. మాది చీమకుర్తి మండలం. గ్రానైట్ కోసినప్పుడు వచ్చే పిండి నీళ్ళు (స్లర్రీ) నిలవేసే చెరువు కట్ట కింద నుంచి ఊట వస్తోందని నాలుగు అర్జీల్లో అంతా రాశాం, ఆ సంగతి మళ్ళీ మొదట్నుంచి చెప్పను. నాలుగుసార్లూ "పరిష్కరించడమైనది" అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో మాకైతే తెలియలా, ఊట మాత్రం ఆగలా.

మే నెలలో మా చుట్టూ ఉన్న కుంటలన్నీ నెర్రెలిచ్చినాయి. ఆ కట్ట కింద మాత్రం నా పొలం గట్టు పొడుగునా జమ్ము నిలువెత్తు పెరిగింది. కాలు పెడితే మడమ దాకా దిగబడుద్ది, తీస్తే సిమెంటు పాల లాగా బూడిద రంగు నీళ్ళు కారతాయి. వాన లేదు, కాలవ లేదు, మరి ఆ తడి ఎక్కడిది సార్? చెరువు అడుగున బంకమట్టి తొక్కించలేదు, షీటు పరచలేదు, ఊట నీళ్ళు పట్టి మళ్ళీ లోపలికి తోడే ఏర్పాటూ లేదు. రాయి కోసే గ్యాంగ్‌సా మిషన్లలో వేసే ఉక్కు రవ్వ, సున్నం అంతా ఆ పిండిలోనే ఉంటది. మాది రాతి నేల, చీలిక దొరికితే నీళ్ళు ఎంత దూరమైనా పోతాయి.

మా బోరు కట్టకి మూడొందల అడుగులు. పొద్దున పట్టిన బిందె సాయంత్రం ఒంపితే అడుగున వేలితో గీత గీయొచ్చు, అంత పిండి. బర్రెలు మూతి పెట్టి వెనక్కి తీసుకుంటున్నాయి.

శాంపిల్‌కి వచ్చినోళ్ళు ఊళ్ళో ఆర్‌ఓ ప్లాంటు కుళాయి దగ్గర సీసా నింపుకొని పోయారు. ఫిల్టర్ చేసిన నీళ్ళు టీడీఎస్ (నీళ్ళలో కరిగిన ఉప్పుల లెక్క) లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపే వస్తాయి కదా సార్, అవి చూసి మా బోరు బాగుందని ఎట్టా రాస్తారు? కట్ట దాకా రమ్మని బతిమాలాను, ఎండగా ఉందన్నారు. బావిలోకి, వాగులోకి, నేల మీదకి ఇట్టాంటివి వదలకూడదని 1974 నీటి చట్టం 24వ సెక్షన్‌లోనే ఉందిగా.

2019లో బ్రెజిల్‌లో బ్రుమాడిన్యో గని కట్ట తెగి 270 మంది పోయారు, కట్టలో నీళ్ళు దిగక నిలిచిపోవడం కూడా ఒక కారణమని తేలింది. ఇది అంత పెద్దది కాకపోవచ్చు, కానీ కార్తీకంలో తుఫాను పడితే ఈ మెత్తబడ్డ కట్ట కింద ఉండేది మేమే.

కట్టకి పైన రెండు, కింద రెండు పరిశీలన బోర్లు వేయించండి సార్, నెలనెలా నీళ్ళు చూసి ఆ లెక్క మా ఊరి సచివాలయం గోడకి అంటించండి. ఊట ఆపించండి, ముందు ఊట ఆపించండి. మీ మనిషిని ఒక్కణ్ణి పంపినా చాలు, ఎండ తగ్గాకే రమ్మనండి, నేనే బోరు మోటారు వేసి దగ్గరుండి సీసా పట్టిస్తాను.

ఇట్లు,
కట్ట కింద రైతు