గట్టు మీద గ్రహణం: మీ ఫోన్లన్నిటికీ కలిపి ఒకటే జవాబు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ నెల ఉత్తరం పరీక్షలతో మొదలుపెడదామనుకున్నాను. కానీ గ్రహణం వేళ పిల్లల్ని బయటికెందుకు తీసుకెళ్ళారు, తిండెందుకు పెట్టారు అంటూ మంగళవారం రాత్రి నుంచి నా ఫోన్ మోగుతూనే ఉంది. అవును, మార్చి 3 సాయంత్రం చంద్రగ్రహణం చూపించడానికి పిల్లల్ని ఏటిగట్టు మీదికి తీసుకెళ్ళింది నేనే. చీటీ మీద సంతకం పెట్టి పంపింది మీరు. గ్రహణం విడవకముందే ఉడకబెట్టిన శనగలు పంచిందీ నేనే, నేనూ తిన్నాను (ఉప్పు కాస్త ఎక్కువైంది).

ఆ రోజు మనవైపు చంద్రుడు గ్రహణంతోనే ఉదయించాడు. సంపూర్ణ గ్రహణం 4.34కి మొదలై 5.33కే అయిపోయింది, అప్పటికి మనకి చంద్రుడే రాలేదు. మనకి దక్కింది 6.10 ప్రాంతం నుంచి 6.48 దాకా, విడుపు మాత్రమే. ఆ కాస్త సేపట్లో చూడాలంటే తూర్పు తెరిపిగా ఉండాలి, మన ఊళ్ళో ఎటు తిరిగినా కొబ్బరిచెట్లేనాయె. అందుకే గట్టు. ఎదురుగా వశిష్ఠ గోదావరి, అవతల సఖినేటిపల్లి ఒడ్డు. 6.20 దాటినా ఏమీ కనపడకపోయేసరికి "ఇంక రాడేమో టీచర్" అని ఒకటే గోల. పంటు (మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించేది) ఏటి మధ్యకి వచ్చే వేళకి, తూర్పుకి కొంచెం ఉత్తరంగా, అవతలి కొబ్బరి మట్టల మీద పాలిపోయిన ముక్క ఒకటి తేలింది. కిందంతా వెలుగు, పైన ఎడమవైపు లేదు. మూడో తరగతి బుడ్డోడు "అప్పడం కొరికేశారు" అన్నాడు. అంతకంటే బాగా నేను చెప్పలేను.

కళ్ళు పోతాయని భయపడినవాళ్ళకి: అది సూర్యగ్రహణం సంగతి, దానికి జాగ్రత్త తప్పదు. చంద్రగ్రహణంలో మీరు చూసేది వెన్నెలే, అదీ మామూలు కంటే తక్కువ వెన్నెల. ఇక పళ్ళెంలో రోకలి నిలబడిందని వీడియో పంపిన నాన్నగారికి: గురువారం మధ్యాహ్నం మా స్టాఫ్ రూములో కూడా నిలబడింది, ఏ గ్రహణమూ లేకుండానే. అడుగు చదునుగా ఉండాలి, చెయ్యి వణక్కూడదు, అంతే.

పట్టు స్నానం, విడుపు స్నానం, ఆవకాయ జాడీ మీద దర్భ, ఇవి మీ ఇంటి ఆచారాలు, నేను వేలు పెట్టను. మా అమ్మా చేసేది. ఒక్క మాట మాత్రం నేను ఊరుకోలేను, అది "గ్రహణం మొర్రి". బిడ్డ కడుపులో పడిన 4 నుంచి 7 వారాల మధ్య పెదవి రెండు పక్కల నుంచీ వచ్చి కలుస్తుంది. ఎక్కడో కలవకుండా ఆగిపోతే మొర్రి. దానికి ఆకాశంలో ఏ నీడతోనూ పని లేదు. అయినా ఆ తల్లిని జీవితాంతం "ఆ రోజు బయటికెందుకెళ్ళావ్, కత్తిపీట ఎందుకు పట్టావ్" అని పొడుస్తూనే ఉంటాం. ఆపరేషన్‌తో పెదవి కలుస్తుంది, మరి ఈ మాటలకి ఆపరేషన్ ఎక్కడ చేయిస్తాం? చంద్రుణ్ణి కప్పేది భూమి నీడేనని ఆర్యభటుడు 499లో రాసిపెట్టాడు, అప్పటికతనికి 23 ఏళ్ళు. పదిహేను వందల ఏళ్ళు దాటాక కూడా మన బడి ఆవరణలో ఒక పిల్ల ఇంకో పిల్లని ఆ పేరు పెట్టి పిలిచింది. ఆ మాట పిల్లకి ఇంట్లోనే దొరికింది. ఇంకోసారి వింటే పిల్లని కాదు, మిమ్మల్ని పిలుస్తాను.

సరే, కోపం పక్కన పెడతాను, ఎందుకంటే ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె చేసిన పని మీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. తన గాజు పెట్టి కాగితం మీద వరసగా చంద్రుళ్ళు గీసుకొచ్చింది. ఐదేసి నిమిషాలకొకసారి నీడ అంచు ఎక్కడుందో గుర్తులు పెట్టింది. మర్నాడు ఆ వంపుకి ఏది సరిపోతుందా అని ఇంట్లో ఉన్న మూతలన్నీ ఆనించి చూసింది (వాళ్ళమ్మగారు, క్షమించండి, పప్పుడబ్బా మూత అందుకే కనపడలేదు). గాజు 6 సెంటీమీటర్లు, మూత 16. అంటే నీడ చంద్రుడికి రెండున్నర రెట్ల పైన. అసలు లెక్క కూడా దాదాపు అంతే! భూమి చంద్రుడి కంటే 3.7 రెట్లు వెడల్పు, దాని నీడ అంత దూరం వెళ్ళేసరికి సన్నబడుతుంది. పడవ నడిపేవాళ్ళ అబ్బాయి అయితే చంద్రుడు ఏ చెట్టు దగ్గర వస్తాడో ముందే వేలు పెట్టి చూపించాడు, రెండు చెట్ల తేడా. లెక్కల్లో వీడికి నేను వేసిన మార్కులు గుర్తొచ్చి సిగ్గేసింది.

జ్వరం వచ్చిన పాప గురించి అడుగుతున్నారు. తగ్గింది. గ్రహణానికి ముందు గట్టు కింద రెండు పుల్లైసులు తింది, మూడోది నేను లాక్కున్నాను. మీరు డబ్బులిచ్చి పంపబట్టే కదా. పొద్దున టిఫిన్ పెట్టకుండా పది రూపాయలు చేతిలో పెట్టే పద్ధతి గురించి ఎంతో ప్రేమగా నాలుగోసారి రాస్తున్నాను. రాత్రి పదిన్నరకి గ్రూపులో హోంవర్క్ అడగడం గురించి కూడా.

ఒంటిపూట బడి వేళలు డైరీలో రాయించాం, పదో తరగతి హాల్‌టికెట్లలో పేర్లు సరిచూసుకోండి, మంచినీళ్ళ సీసా తప్పనిసరి.

మనకి కనపడే తర్వాతి చంద్రగ్రహణం 2028 జులై 6 రాత్రి, పాక్షికం. అదే ఏడాది డిసెంబర్ 31 రాత్రి సంపూర్ణం. ఎటూ కొత్త సంవత్సరం కోసం మేలుకునే ఉంటారు కాబట్టి చీటీల మీద సంతకాలు ఇప్పుడే పెట్టేయండి.

మీ ప్రధానోపాధ్యాయురాలు

తా.క. గట్టు మీద మర్చిపోయిన నీలం మూత క్యారేజీ ఆఫీసులో ఉంది. ఎవరిదో వచ్చి తీసుకెళ్ళండి, నేను మూత తియ్యలేదు, వాసన మాత్రం నిన్నటి నుంచి వస్తోంది.