"కోబే", "హిబాచి" అనే పేర్లతో మీ స్టేక్‌హౌస్‌లో జరుగుతున్న అమ్మకంపై ఫిర్యాదు

వినియోగదారుల విభాగం అధిపతి గారికి,

విషయం: మీ మెనూలో వాడిన జపాన్ పేర్లు, "తరతరాల సంప్రదాయం" అన్న ప్రకటన, వాటిని సరిచేయవలసిన అవసరం.

అయ్యా,

పోయిన నెల రెండో శనివారం సాయంత్రం టెక్సాస్‌లో మా ఇంటికి దగ్గరలో ఉన్న మీ రెస్టారెంటుకు మేము ఐదుగురం వచ్చాం. అందులో ఇద్దరు మమ్మల్ని చూడడానికి జపాన్ నుంచి వచ్చిన వృద్ధ దంపతులు. ఉద్యోగరీత్యా నేను కోబే నగరంలో ఉన్న నాలుగేళ్లూ మాకు ఇల్లు అద్దెకిచ్చినవారు, మా అమ్మాయిని సొంత మనవరాలిలా చూసుకున్నవారు. మీ ప్రకటనలో "తరతరాల జపాన్ సంప్రదాయం" అన్న మాట చదివే, ఇంత దూరం వచ్చినవారికి ఒక పూట తమ ఊరి భోజనం పెట్టిద్దామని వారిని అక్కడికి తీసుకువచ్చాను. ఈ లేఖను నా మాతృభాషలో రాస్తున్నాను. ఇంగ్లీషు అనువాదం, ఆ రోజు బిల్లు నకలు, మెనూ ఫొటోలు జతపరిచాను.

మెనూ అట్ట మీద ఆవిరి కక్కుతున్న అన్నం గిన్నె, అందులో నిలువుగా గుచ్చిన రెండు చాప్‌స్టిక్స్ బొమ్మ ఉంది. దాన్ని చూడగానే ఆ పెద్దావిడ ఏమీ అనకుండా మెనూను బోర్లించి పెట్టారు. జపాన్‌లో అన్నంలో పుల్లలు అలా నిలబెట్టేది చనిపోయినవారి తల దగ్గర ఉంచే గిన్నెలోనే. మా తెలుగు ఇళ్లలో పిండాల ముద్దను ఎవరైనా పెళ్లి విందు శుభలేఖ మీద అచ్చువేస్తే మాకు ఎలా ఉంటుందో, వారికి అలా ఉంది. ఆ బొమ్మ మీ అన్ని శాఖల మెనూల మీదా ఉందని మీ వెబ్‌సైటు చూశాక తెలిసింది. జపాన్‌లో ఒక్క రోజు భోజనం చేసినవారినెవరినైనా అచ్చుకు ముందు అడిగి ఉంటే ఈ పొరపాటు జరిగేది కాదు.

కూర్చున్న తర్వాత ఆ పెద్దాయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "హిబాచి ఎక్కడ ఉంది?" అని. ఆయన చిన్నతనంలో వాళ్ల అమ్మగారి గదిలో హిబాచి ఉండేది. బూడిద నింపిన పింగాణీ పాత్ర, మధ్యలో నాలుగు బొగ్గులు, చలికాలంలో చుట్టూ కూర్చుని చేతులు కాచుకోవడం. మా భాషలో దాన్ని కుంపటి అంటాం. మీ బల్ల మధ్యలో ఉన్నది ఇనుప రేకు, అంటే పెద్ద పెనం. జపాన్‌లో దాని పేరు తెప్పన్, దాని మీద చేసే వంట తెప్పన్‌యాకి. దోసెల పెనాన్ని కుంపటి అని పిలిచి, అదే మా ఆంధ్రుల ఆచారమని ఎవరైనా బోర్డు పెడితే నేను ఊరుకోను కనుక, ఆయన తరఫున ఇక్కడా ఊరుకోలేకపోతున్నాను.

నా ఫిర్యాదులో అన్నిటికంటే గట్టిది మాత్రం "కోబే బీఫ్" అన్న పేరు గురించి. నేను గొడ్డు మాంసం తినను కాబట్టి రుచి సంగతి ఎత్తను. నేను రొయ్యలు తెప్పించుకున్నాను, వాటి మీద ఫిర్యాదు లేదు. మా అతిథులు మాత్రం తమ ఊరి పేరు చూసి సంతోషంతో రెండు కోబే ప్లేట్లు చెప్పారు. ఆ పేరు ఏ మంచి మాంసానికైనా తగిలించుకునే బిరుదు కాదు. కోబే నగరం ఉన్న హ్యోగో ప్రాంతంలో పుట్టి పెరిగిన తజిమా వంశపు పశువు అయి ఉండాలి, మాంసంలో కొవ్వు చారల స్థాయి ఆరు లేదా అంతకు మించి ఉండాలి, ప్రతి పశువుకూ పది అంకెల గుర్తింపు సంఖ్య ఉండాలి. 2015లో జపాన్ ప్రభుత్వం ఆ పేరుకు భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చింది. మా బంగినపల్లి మామిడికి 2017లో అటువంటి గుర్తింపే వచ్చింది కనుక, ఊరి పేరు వెనక రైతు కష్టం ఎంత ఉంటుందో నాకు తెలుసు. అసలైన కోబే మాంసం అమెరికాకు మొదటిసారి చేరిందే 2012లో. అలాంటిది, ఆ రోజు గుర్తింపు సంఖ్య చూపమని నేను మర్యాదగా అడిగితే, వడ్డించే అమ్మాయి లోపలికి వెళ్లి వచ్చి, అది అమెరికాలోనే పెంచిన వాగ్యూ (జపాన్ పశుజాతి) సంకరజాతి మాంసమని, "కోబే శైలి" అన్న అర్థంలో అలా రాశామని చెప్పింది. ఆ అమ్మాయి నిజం చెప్పినందుకు నాకు ఆమె మీద గౌరవమే కలిగింది. మెనూలో మాత్రం "శైలి" అన్న మాట ఎక్కడా లేదు.

వంటవాడు గరిటెతో రొయ్యను ఎగరేసి పెద్దాయన నోటికి విసరడం, అది చొక్కా మీద పడడం, ఆయన నొచ్చుకోకుండా నవ్వడం నేను చూశాను. మీ ఉద్యోగికి ఎవరు ఏం నేర్పితే అది చేశాడు, అతని మీద చర్య తీసుకోవద్దని కోరుతున్నాను. కోబేలో ఆ దంపతులే నన్ను ఒకసారి తెప్పన్ బల్ల దగ్గర కూర్చోబెట్టారు. అక్కడ వంటవాడు ముందుగా వెల్లుల్లి రేకులను ఎర్రగా వేయించి పక్కన పెట్టుకుని, ఎవరికి ఎంత కాలాలో మెల్లగా అడిగి, మాట్లాడకుండా పని చేసుకుపోయాడు. చేపా, కూరలూ నాకోసం విడిగా వండాడు. ఎవరి పళ్లెంలోనూ తెల్లటి మయొనైజ్ సాస్ లేదు.

ఈ ఆటపాటల వంట వద్దని నేను అనడం లేదు. దానికి సొంత చరిత్ర ఉంది. 675లో తెన్ము చక్రవర్తి గొడ్డు మాంసాన్ని నిషేధించిన దేశంలో, 1868లో కోబే రేవు విదేశీయులకు తెరిచాక, 1872లో మెయిజి చక్రవర్తి బహిరంగంగా ఆ మాంసం తిన్నాక గాని స్టేక్ అన్నది ఊళ్లలోకి రాలేదు. ఇనుప రేకు మీద దాన్ని కాల్చి వడ్డించడం 1945లో కోబేలోని మిసోనో రెస్టారెంటులో మొదలైందంటారు. 1964లో హిరోఆకి అయోకి అనే కుస్తీ క్రీడాకారుడు, హార్లెమ్‌లో ఐస్‌క్రీమ్ బండి నడిపి కూడబెట్టిన డబ్బుతో న్యూయార్క్‌లో నాలుగు బల్లల హోటల్ పెట్టి, ఈ కత్తుల విన్యాసాన్ని అమెరికాకు అలవాటు చేశారు. మీరు అమ్ముతున్నది వలస వచ్చిన మనిషి శ్రమతో ఇక్కడే పుట్టిన వంట. దాన్ని ఆ పేరుతోనే చెప్పుకుంటే నేను నా పిల్లలతో మళ్లీ వస్తాను.

కాబట్టి, మీ మెనూ నుంచి "కోబే" పేరును వెంటనే తీసివేసి, వాడుతున్నది అమెరికన్ వాగ్యూ అని రాయాలని, గుర్తింపు సంఖ్య చూపలేకపోయిన ఆ రెండు ప్లేట్ల సొమ్ము తిరిగి చెల్లించాలని కోరుతున్నాను. అన్నం గిన్నె బొమ్మను అన్ని శాఖల్లోనూ మార్చాలి. "తరతరాల జపాన్ సంప్రదాయం" అన్న చోట "జపనీస్-అమెరికన్ వంట" అని ఉండాలి. హిబాచి అన్న పేరు అమెరికా అంతటా పాతుకుపోయింది కనుక అది ఒక్క రోజులో పోదని నాకు తెలుసు, అయినా పక్కన తెప్పన్‌యాకి అని రాయడానికి ఖర్చేమీ కాదు. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే మెనూ ఫొటోలతో సహా రాష్ట్ర వినియోగదారుల రక్షణ విభాగానికి రాస్తాను. పెద్దాయన జపాన్‌కు తిరిగి వెళ్లేముందు మీ సంస్థకు ఒక మాట చెప్పమన్నారు: వంటవాడి చేతి నైపుణ్యం చాలా బాగుందని, ఉల్లిపాయలు సమానంగా తరిగాడని. అది అతనికి చేరవేయవలసిందిగా మనవి.

ఇట్లు,
ఆ రోజు బిల్లు చెల్లించిన మీ వినియోగదారుడు