మన ఊరి ప్రభ సంఘం: కార్యదర్శి వార్షిక నివేదిక

అధ్యక్షులవారికి, ఊరి పెద్దలకు, సభ్యులందరికీ నమస్కారం.

కనుమ నాడు కోనసీమ జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థానికి మన ప్రభను కట్టి తీసుకెళ్లడానికే సంఘం పెట్టుకున్నామని మీకు తెలిసిందే కాబట్టి నేరుగా ఈ ఏడాది పనుల్లోకి వస్తాను. ధనుర్మాసంలో ఆడపిల్లలకు ముగ్గుల పోటీ పెట్టాం. గుడిలో నెత్తిన ఎత్తుకునే పాత ఇత్తడి గరగలకు మాట్లు వేయించాం. హరిదాసుగారికి నెల రోజులూ బస చూశాం.

ఇక ప్రభ సంగతి, అంటే మన రుద్రుణ్ణి ఊరేగించే వెదురు చట్రం సంగతి. ఇన్నాళ్లూ ప్రభ కట్టే పని ఒకరిద్దరు పెద్దల మీద వదిలేసి కూర్చున్నాం. వారిలో ఒకాయనకు ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి. అందుకే ఈసారి కుర్రాళ్లనే కట్టమన్నాం, ఆయన పక్కన కుర్చీ వేసుకుని చెప్పారు. వెదురు ఆలస్యంగా రావడంతో పచ్చి బొంగులే వాడాల్సి వచ్చింది. భోగికి మూడు రోజుల ముందు నిలబెట్టి చూస్తే చట్రం ఊగుతోంది. ఆయన ఒక కట్టు మీద బొటనవేలు పెట్టి నొక్కితే తాడు పక్కకి జరిగిపోయింది. "బొంగు ఎండి సన్నబడిందిరా. అన్నీ విప్పండి" అన్నారు. అందరికీ టెన్షన్ పట్టుకుంది. దీపాలు పెట్టుకుని తెల్లారేదాకా మళ్లీ కట్టారు. ప్రతి ముడినీ ఆయన వేలితో తడిమి చూశాకే తర్వాతి కట్టుకి వెళ్లారు.

కనుమ నాడు నెమలి ఈకలు, వరికంకులు, గంటలతో ప్రభ బయల్దేరింది. నాట్లు వేసిన చేలలోంచే వెళ్లాం, ఏ రైతూ అడ్డు చెప్పలేదు. కౌశిక ఏట్లో దిగాక మోసేవాళ్లకు నీళ్లు గుండెల దాకా వచ్చాయి. మధ్యలో బురదలో కాళ్లు దిగబడి ప్రభ కుడివైపు ఒరిగింది. వెనక తాళ్లు పట్టినవాళ్లు ఒక్క ఊపున నిలబెట్టారు. ఒడ్డెక్కాక చూస్తే గుడ్డ అంచు కూడా తడవలేదు! జగ్గన్నతోటలో గుడి లేదు, కొబ్బరితోటే. అక్కడ పదకొండు ఊళ్ల రుద్రులు కొలువుదీరారు. తీర్థానికి పెద్దదైన వ్యాఘ్రేశ్వరం ప్రభ రాగానే గౌరవంగా మిగిలిన వాటితో పాటు మనదీ పైకి లేచింది. మన కుర్రాళ్లు కట్టిన ప్రభ అలా లేస్తుంటే నాకు కళ్లు చెమర్చాయి.

2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటం ప్రభల తీర్థమే. అంత పేరున్న తీర్థానికి రేవులో గుర్రపుడెక్క తీయించమని రెండు నెలలు ఒక కార్యాలయం చుట్టూ తిరిగాం. "చూస్తాం" అన్నారే గాని ఒక్కరూ రాలేదు. చివరికి మనవాళ్లే దిగి తీశారు. అందులోనూ బాధ ఉంది. వాట్సాప్‌లో "మేమున్నాం" అన్నవాళ్లలో సగం మంది కూడా రాలేదు. పండగ రోజు ఫొటోకి మాత్రం ప్రభ ముందు ఖాళీ లేదు.

జమాఖర్చుల పట్టిక గుడి అరుగు దగ్గర అంటించాం, చూసుకోగలరు. కొద్దిపాటి నిల్వ ఉంది.

చేలల్లో దారి ఇచ్చిన రైతులకు, అంబాజీపేట మార్కెట్లో ధర ఎలా ఉన్నా కొబ్బరికాయలు ఇచ్చిన తోటల వారికి, ప్రభ పైకెక్కి కలశం బిగించిన కొబ్బరి దింపు కార్మికులకు, గుడ్డలు కుట్టిన దర్జీకి, రెండు వందల మందికి వండి పెట్టిన అక్కచెల్లెళ్లకు, గరగలు ఎత్తిన బృందానికి, పరాయి దేశాల నుంచి చందాలు పంపిన మన పిల్లలకు, అర్చకులకు సంఘం తరఫున ధన్యవాదాలు. ఎవరి పేరైనా మరిచిపోతే మన్నించాలి.

వచ్చే ఏడాదికి వెదురు కార్తీకంలోనే కొట్టించి నీడన ఆరబెట్టాలని తీర్మానం ప్రతిపాదిస్తున్నాను. ఆ పనికి పదిమంది కావాలి. వచ్చేవారు ఈ సభలోనే లేచి పేరు చెప్పండి, రాసుకుంటాను.

ఇట్లు,
కార్యదర్శి