పాత లినక్స్‌లో మోడెమ్ చిక్కు విప్పిన ఇద్దరికి కృతజ్ఞతలు

స్లాక్‌వేర్ 3.0 అనే లినక్స్‌తో, అంటే 1995 నాటి 1.2.13 కెర్నల్‌తో (లినక్స్ మూల భాగం) నడిచే నా 486 కంప్యూటర్‌లో, ఫోను లైను ద్వారా కంప్యూటర్లను కలిపే మోడెమ్ కార్డు మొరాయిస్తున్నదని సాయం కోరినప్పుడు ఇద్దరు ఎంతో ఓపికగా నన్ను గట్టెక్కించారు. ఒకరు టెలిఫోను శాఖలో పదవీ విరమణ చేసిన పెద్దాయన, మరొకరు యూనిక్స్ సర్వర్ల నిర్వహణలో ఆరితేరిన సోదరి. పేర్లు రాయవద్దని ఇద్దరూ కోరారు. వారు చేసిన మేలు ఎలాంటిదో మాత్రం వివరంగా చెప్పాలి.

మోడెమ్‌తో మాట్లాడే మినీకామ్ ప్రోగ్రాము తెరిచి, మోడెమ్‌ను పలకరించే ఏటీ ఆజ్ఞ కొడితే తెర మీద ఏమీ పడేది కాదు. కాసేపటికి ఆ రెండు అక్షరాలూ, వాటి వెనకే మోడెమ్ ఇచ్చిన ఓకే జవాబూ ఒక్కసారిగా వచ్చిపడేవి. కార్డు పోయింది, పారేయమన్నవారే ఎక్కువ. పెద్దాయన ఒక్కరే, జవాబు ఆలస్యమైనా తప్పు లేకుండా వస్తున్నది కాబట్టి మోడెమ్‌కు జబ్బేమీ లేదని, ఇంటరప్ట్, అంటే కార్డు ప్రాసెసరును పిలిచే సంకేతం, అందడంలోనే తేడా ఉందని చెప్పి, ఆ పిలుపుల లెక్క చూపే ప్రాక్ డైరెక్టరీలోని ఇంటరప్ట్స్ ఫైలు చూడమన్నారు. మోడెమ్‌తో ఎంతసేపు మాట్లాడినా అందులో 4వ నంబరు ఇంటరప్ట్ ఎదురుగా ఉన్న లెక్క కదలనేలేదు.

ఆ కాలపు పీసీలలో కామ్1, కామ్3 అనే సీరియల్ పోర్టులకు ఆనవాయితీగా ఐఆర్‌క్యూ (ఇంటరప్ట్ గీత నంబరు) 4, కామ్2, కామ్4లకు ఐఆర్‌క్యూ 3 ఉంటాయి. కార్డులను కలిపే ఐఎస్‌ఏ బస్ అనే తీగల వరుసలో ఒకే ఇంటరప్ట్ గీతను రెండు కార్డులు ఒకేసారి వాడుకోవడం మామూలుగా కుదరదు కాబట్టి, కామ్3గా ఉన్న ఈ కార్డును పాత యజమాని ఎవరో ఐఆర్‌క్యూ 5కు మార్చి ఉంచారు. పోర్టును నడిపే లినక్స్ డ్రైవరేమో 4 మీదే కాచుకుని ఉంది. మనం వీధి గుమ్మంలో ఎదురుచూస్తుంటే చుట్టం పెరటి తలుపు తట్టినట్టయింది. సుమారు 10 సెకన్లకోసారి డ్రైవరు తనంతట తాను పోర్టును తడిమి చూసుకునే ఏర్పాటు ఉండబట్టే ఆ ఆలస్యపు జవాబులైనా వచ్చాయి.

సెట్‌సీరియల్ ఆజ్ఞ కార్డును మార్చదు, కార్డు ఎలా ఉందో డ్రైవరుకు చెబుతుందంతే. కాబట్టి ముందు కార్డునే చదవాలని ఆయన పట్టుబట్టారు. కార్డు ఏ ఐఆర్‌క్యూ వాడాలో నిర్ణయించే జంపర్లనే చిన్న పిన్నుల పక్కన అచ్చు మాసిపోయి ఉంటే, మల్టీమీటర్ ఒక కొనను జంపర్ పిన్ను మీద, రెండో కొనను స్లాటులో దిగే బంగారు పూత పట్టీల మీద పెట్టి చూడమన్నారు. బీ24 పట్టీ ఐఆర్‌క్యూ 4, బీ23 ఐఆర్‌క్యూ 5. మీటరు బీ23 దగ్గర కూసింది. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు నడిచే ఆర్‌సీ.సీరియల్ ఫైలులో, సీయూఏ2కు (లినక్స్‌లో కామ్3కు ఉన్న పేరు) ఐఆర్‌క్యూ 5 అని ఒక్క వరుస చేర్చగానే అక్షరాలు వేళ్ళతో పాటే తెర మీదికి వచ్చాయి. ఇంత నిదానంగా, ఇంత శాస్త్రీయంగా చెప్పేవారు దొరకడం నిజంగా అదృష్టం.

సోదరి తీర్చినది బయటినుంచి వచ్చే కాల్స్ సమస్య. ఫోను చేసినవారిని లాగిన్ పేరు అడిగే గెట్టీ ప్రోగ్రాము పెట్టగానే ఎవరూ ఫోను చేయకుండానే లాగిన్ విఫలమైనట్టు లాగ్ నిండిపోయేది. అవతల మరో మోడెమ్ కలిసి ఉందని తెలిపే క్యారియర్ సంకేతాన్ని మోడెమ్ ఎప్పుడూ ఉన్నట్టే చూపిస్తుంటే గెట్టీ వెంటనే లాగిన్ అని పంపుతుందని, మోడెమ్ దానిని ఆజ్ఞ అనుకుని తిరిగి పలుకుతుందని, ఆ పలుకునే గెట్టీ ఎవరిదో పేరుగా తీసుకుంటుందని ఆమె విడమరిచి చెప్పారు. మోడెమ్ ఆజ్ఞలైన &సీ1 (క్యారియర్‌ను ఉన్నదున్నట్టు చూపడం), &డీ2 (కంప్యూటర్ సెషన్ ముగించగానే ఫోను పెట్టేయడం), ఈ0 (తిరిగి పలకకపోవడం), క్యూ1 (జవాబులు పంపకపోవడం) పెట్టి, &డబ్ల్యూతో భద్రపరచమన్నారు. &డీ2 లేకపోతే లాగౌట్ అయినా ఫోను లైను తెగకుండా ఉండవచ్చునని, &సీ1 లేకపోతే లైను తెగినా సెషన్ అలాగే తెరిచి ఉండి, తర్వాత ఫోను చేసినవారు ముందువారు ఆజ్ఞలు ఇస్తున్న షెల్‌లోకి, పాస్‌వర్డు లేకుండా నేరుగా ప్రవేశించగలరని ఆమె హెచ్చరించారు. అడగకుండానే ఈ ప్రమాదం చెప్పినందుకు ఆమెకు ప్రత్యేకంగా రుణపడి ఉన్నాను. గెట్టీని అదే పోర్టుకు ఉన్న రెండో పేరు టీటీవైఎస్2 మీద ఉంచి, బయటికి ఫోను చేయడానికి సీయూఏ2 వాడాలన్నదీ ఆమె సలహాయే. ఇంట్లోని చిన్న ఇంటర్‌కమ్ ఎక్స్ఛేంజిలో మామూలు డయల్ టోన్ ఉండదు కాబట్టి టోన్ కోసం చూడకుండా డయల్ చేయమనే ఏటీఎక్స్3 ఆజ్ఞ కూడా అవసరమైంది.

ఇప్పుడు పక్క గదిలోని మోడెమ్ నుంచి కాల్ చేస్తే లాగిన్ వస్తోంది, ఫోను పెట్టేస్తే సెషన్ ముగుస్తోంది. ఇద్దరికీ హృదయపూర్వక నమస్కారాలు. పెద్ద ఫైళ్ళు దిగుమతి అయ్యేటప్పుడు ఓవర్‌రన్‌లు, అంటే కంప్యూటర్ సకాలంలో అందుకోలేక అక్షరాలు పోవడం, వస్తున్నాయేమో చూసి చెప్పమని పెద్దాయన అడిగారు. ఆ పరీక్ష చేసి లెక్కలు ఆయనకు పంపుతాను.