స్లాబులో నీళ్ల లెక్క ఎవరు చూస్తున్నారు?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఎండాకాలం వస్తే మా ఖమ్మం జిల్లాలో ఏ వీధిలో చూసినా ఒక పునాదో, ఒక స్లాబో నడుస్తూనే ఉంటుంది. ఇల్లు కట్టుకునేవాళ్లంతా ఏ సిమెంటు మంచిది, ఏ ఇనుము మంచిది అని పదిమందిని అడుగుతారు, నేనూ అడిగాను. నీళ్లు ఎన్ని పోయాలి అని మాత్రం ఎవరూ అడగరు, నేనూ అడగలేదు. దాని ఫలితం ఇప్పుడు మా హాల్లో నిలబడి పైకి చూస్తే కనిపిస్తోంది, అందుకే ఈ ఉత్తరం.

రెండేళ్ల కిందట మే నెలలో మా స్లాబ్ వేశాం. పొద్దున్నే మొదలు కావాల్సిన పని, కాంక్రీటు కలిపే మిల్లర్ ఆలస్యంగా రావడంతో పదిన్నర దాటాక మొదలైంది. డ్రమ్ము దగ్గర ఒక కుర్రాడు బకెట్‌తో నీళ్లు ముంచి పోస్తున్నాడు. కొలతేమీ లేదు, పైనుంచి 'ఇంకా జారుగా రావాలి' అని కేక వినపడితే మరో బకెట్. మాలు, అంటే కలిపిన కాంక్రీటు, అలా జారుతూ వస్తుంటే కూలీలకు తేలిగ్గా ఉంది, పని చకచకా అయిపోతోందని నేను సంతోషపడ్డాను కూడా. కిందికి వెళ్లి చూస్తే సెంట్రింగ్ సందుల్లోంచి బూడిదరంగు నీళ్లు ధారగా కారుతున్నాయి. అవి ఉత్త నీళ్లు కాదని, నేను కొన్న సిమెంటే అలా మట్టిలోకి పోతోందని అప్పుడు నాకు తెలియదు.

మధ్యాహ్నం మూడు గంటలకల్లా స్లాబ్ మీద జానెడు, మూరెడు పొడవున సన్నటి బీటలు. మేస్త్రీ సిమెంటు నీళ్లు కలిపి చీపురుతో పూసి, 'ఏం కాదు సార్, ఎండకు అలాగే అవుతుంది' అన్నాడు. ఆ వానాకాలానికే కింద తడి గీతలు దిగాయి.

ఆ తర్వాత తెలిసిన ఇంజినీర్లను అడిగి తెలుసుకున్నదాన్ని మీ పాఠకులకు చెప్పాలనిపించింది. కాంక్రీటు ఎండి గట్టిపడదు. సిమెంటు నీళ్లతో కలిసి రసాయనికంగా మారి గట్టిపడుతుంది. ఆ మార్పుకు సిమెంటు బరువులో సుమారు నాలుగో వంతు నీళ్లు చాలు, అంటే 50 కిలోల బస్తాకు 12, 13 లీటర్లు. మిగతాది మాలు కదలడానికి, చువ్వల మధ్యకు చేరడానికి పోస్తాం. ఆ ఎక్కువ నీళ్లు తర్వాత ఆవిరైపోయి, అవి ఉన్నచోట కంటికి కనిపించని సన్నటి రంధ్రాలు మిగులుతాయి. వాటిల్లోంచే వాన నీళ్లు, గాలి లోపలికి పోయి చువ్వకు తుప్పు పట్టిస్తాయి, తుప్పు పట్టిన చువ్వ ఉబ్బి స్లాబును పెచ్చులు పెచ్చులుగా ఊడగొడుతుంది. నీళ్లు పెరిగేకొద్దీ బలం తగ్గుతుందని అమెరికాలో డఫ్ ఏబ్రమ్స్ అనే ఆయన 1918లోనే ప్రయోగాలు చేసి చెప్పాడు. కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 కూడా ఇళ్ల స్లాబులకు మామూలుగా వాడే ఎం20 రకం మాలుకు బస్తాకు 30 లీటర్లు దాటొద్దనే అంటుంది. మా ఇంటి దగ్గర పోసింది బస్తాకు మూడు బకెట్లకు తక్కువ లేదు, బకెట్ 15 లీటర్లనుకున్నా 45 లీటర్లు! ఆ మాటకు నాకు చాలా రోజులు నిద్ర పట్టలేదు.

ఇసుక తడి ఇంకో సంగతి. ఒక బస్తా సిమెంటుకు పడే ఇసుక సుమారు 80 కిలోలు. వాన పడ్డాక అందులో 5 శాతం తడి ఉందంటే 4 లీటర్ల నీళ్లు మనం పోయకుండానే మాలులోకి వచ్చేసినట్టు. పైగా కొద్దిగా తడిసిన ఇసుక ఉబ్బుతుంది, తట్టలతో కొలిస్తే ఇసుక తక్కువ పడుతుంది. కాబట్టి నిన్నటి లెక్క ఇవాళ పనికిరాదు. మాలు గట్టిగా ఉండి పని జరగడం లేదంటే, నీళ్లు పోసే బదులు ప్లాస్టిసైజర్ అనే మందును డబ్బా మీద రాసినంత కలపాలి, వైబ్రేటర్ సరిగ్గా పెట్టాలి.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇది. కలిపేటప్పుడు అన్ని నీళ్లు పోసినవాళ్లం, నీళ్లు నిజంగా కావాల్సినప్పుడు ఎగ్గొడతాం. మా స్లాబ్ మీద మడులు కట్టి నీళ్లు నిలిపింది నాలుగు రోజులే, తర్వాత బోరు ఎండిపోయిందని పైపైన చల్లి వదిలేశాం. ఎండ, వేడిగాలి ఉన్నచోట కనీసం 10 రోజులు తడి ఆరనివ్వకూడదు. ఇప్పుడు మార్కెట్లో ఎక్కువగా దొరికే పీపీసీ సిమెంటులో థర్మల్ కేంద్రాల బూడిద కలుస్తుంది. అది మంచిదే, కానీ నెమ్మదిగా బలం పుంజుకుంటుంది, దానికి 14 రోజులు నీళ్లు పట్టడం మేలు. నీళ్లకు ఇబ్బందైతే గోనెసంచులు పరిచి తడుపుతూ ఉండొచ్చు. అసలు మా ఎండల్లో స్లాబ్ పని తెల్లవారుజామునో, సాయంత్రమో పెట్టుకోవాలి, మొదటి రోజున పైన ఎండ, గాలి తగలకుండా కప్పాలి. మా స్లాబ్ పదిన్నరకు మొదలైనప్పుడే నేను ఆపి ఉండాల్సింది.

మేస్త్రీని నిందించడం నా ఉద్దేశం కాదు, ఆయనకు ఎవరూ నేర్పలేదు. అందుకే మీకు ఒక విన్నపం. మీ పేపర్లో ఇళ్ల గురించి వేసే పేజీలో, ఎండలు ముదరకముందే, నీళ్ల కొలత, క్యూరింగ్ (స్లాబుకు నీళ్లు పట్టడం) గురించి ఒక్క బొమ్మతో మేస్త్రీలకు కూడా అర్థమయ్యేలా వేయండి. ఇందిరమ్మ ఇంటికి 5 లక్షలు ఇస్తున్న ప్రభుత్వం కూడా స్లాబ్ వేసే రోజున ఒక ఇంజినీరును గంటసేపు సైటులో నిలబెట్టి నీళ్లు కొలిపిస్తే ఆ డబ్బు ముప్పై, నలభై ఏళ్లు నిలుస్తుంది.

వచ్చే నెల మా తమ్ముడి ఇంటి స్లాబ్. నేను 30 లీటర్ల ప్లాస్టిక్ డబ్బా ఒకటి కొని, 25 దగ్గర ఎర్ర పెయింటుతో గీత గీశాను. గోనెసంచులు ఇప్పుడే తెచ్చి పెట్టాను. కొత్త మేస్త్రీకి గీత చూపిస్తే కాసేపు చూసి, 'సరే సార్, అలాగే పోస్తాం' అన్నాడు.

— మీ పాఠకుడు, ఖమ్మం జిల్లా