పెరటి కోళ్ల పెంపకందారుల సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది నెలవారీ సమావేశాల పుస్తకం తిరగేస్తే ప్రతి పేజీలోనూ కనిపించే మాట ఒకటే, పుంజు. మేత గురించి మొదలైన చర్చయినా, ఇరుగుపొరుగు గొడవయినా చివరికి అక్కడికే వచ్చి ఆగింది. అందుకే ఈ నివేదికలో ఎక్కువ భాగం దానికే ఇస్తున్నాను.

పుంజులు ఎక్కువైపోయే సమస్య గుడ్లు పొదిగించడం దగ్గరే మొదలైంది. చాలామంది ఇళ్లలో పెట్టలు పొదుగుకు కూర్చున్నాయి, 21 రోజులకు పిల్లలు దిగాయి, అందరం సంతోషపడ్డాం. దిగిన పిల్లల్లో సుమారు సగం పుంజులే అవుతాయన్న లెక్క మాత్రం ముందుగా వేసుకోలేదు. కొస వాడిగా ఉన్న గుడ్డు పుంజు అవుతుందని, గుండ్రటివి ఏరి పొదిగించిన సభ్యులూ ఉన్నారు. గుడ్డు ఆకారానికీ లోపలి పిల్లకీ సంబంధం లేదు. కోళ్లలో ఆడో మగో పెట్ట వైపు నుంచే తేలుతుంది, అదీ గుడ్డుకు పెంకు పట్టకముందే. 6 నుంచి 8 వారాల వయసులో తలమీది జుట్టు ఎర్రబడి పెద్దదవుతుంటే పుంజని అనుమానించవచ్చు. నడుం మీద కొస తేలిన పొడవాటి ఈకలు వచ్చాక ఇక సందేహం ఉండదు. అప్పటికి మనకు వాటిమీద మమకారం పెరిగిపోతుంది, వదులుకోవడం కష్టమవుతుంది.

ఒక సభ్యురాలి పెరట్లో 8 పెట్టలకు 3 పుంజులు మిగిలాయి. వర్షాకాలం ముగిసేసరికి పెట్టల వీపులు బోడిగా అయిపోయాయి, ఒకదాని డొక్క మీద పుంజు గోరు గీరుకుని లోతైన గాయమైంది. కమిటీ తరఫున మేం వెళ్లి చూసినప్పుడు ఆ పెట్ట తాను కూర్చునే దండె కర్ర మీది నుంచి కిందికి దిగడానికే భయపడుతోంది. ఆ దృశ్యం నన్ను చాలా రోజులు వదల్లేదు. ఒక పుంజుకు 8 నుంచి 12 పెట్టలు ఉండాలన్న మాట మనం ఏళ్లుగా చెప్పుకుంటున్నదే. పెట్టలు తక్కువైతే పుంజులు జతకట్టడానికి వీపెక్కి వాటినే పదేపదే తొక్కుతాయి, అదీ తమకు నచ్చిన ఒకటి రెంటినే. అక్కడ రెండు పుంజుల్ని వేరే ఆవరణలో, పెట్టలు కంటికి కనబడకుండా ఉంచాం. కలిసి పెరిగినవి కాబట్టి, పెట్టలు ఎదురుగా లేకపోతే చాలా వరకు సర్దుకున్నాయి. గాయపడ్డ పెట్టను మానేవరకు విడిగా పెట్టి, వీపు బోడి అయిన మిగతావాటికి గుడ్డతో కుట్టిన జాకెట్లు వేశాం. ఈకలు మళ్లీ వచ్చాయి.

గుడ్ల కోసం మాత్రమే కోళ్లు పెంచేవాళ్లకు పుంజు అసలు అవసరం లేదు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది, అందులోంచి పిల్ల రాదు, అంతే. ఈ మాట కొత్త సభ్యులకు మొదటి రోజే చెప్పాలని కమిటీ తీర్మానించింది. అయితే పుంజు వల్ల మేలు లేదని నేననను. గద్ద నీడ పడగానే అరిచి పెట్టల్ని చెట్టు కిందికి తరిమేది, గింజ దొరికితే తాను తినకుండా పెట్టల్ని పిలిచేది అదే. మంచి పుంజు ఉన్న మందను కాసేపు చూస్తే చాలు, ఆ తేడా తెలిసిపోతుంది.

కూత గురించి పక్కింటివాళ్ల నుంచి ఫిర్యాదులు వచ్చాయి. కొందరు గూడు చుట్టూ గోనెపట్టాలు కప్పి చీకటి చేశారు. దానివల్ల గాలి ఆడలేదు కానీ కూత ఆగలేదు. పుంజు వెలుగు చూసి మాత్రమే కూయదు, దాని ఒంట్లోనే గడియారం ఉంటుందని జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో చూపించారు. మందలో పైచేయిగా ఉన్న పుంజే ముందు కూస్తుందని, దాన్ని తీసేస్తే రెండోది ఆ పని మొదలుపెడుతుందని 2015లో తేల్చారు. ఒకటి కూస్తే మిగతావి అందుకుంటాయి కాబట్టి పుంజుల సంఖ్య తగ్గించడమే మాకు దొరికిన ఉపాయం. పక్కవాళ్లతో ముందుగానే వెళ్లి మాట్లాడిన సభ్యుల దగ్గర టెన్షన్ చాలా తగ్గింది.

పుంజుల మార్పిడి ఈ ఏడాది కొత్తగా మొదలుపెట్టాం. ఒకే రక్తం మళ్లీ మళ్లీ కలవకుండా ఉండటానికి ఇది మంచి పద్ధతి. ఇందులో ఒక తప్పు జరిగింది, బాధ్యత నాదే. తెచ్చిన పుంజును నేరుగా మా గూట్లో వదిలాను. వారం తిరగకముందే కోళ్లన్నిటికీ పేలు పట్టాయి. కొక్కెర తెగులులాంటిది వచ్చి ఉంటే మంద మొత్తం పోయేది. ఇకమీదట మార్పిడి చేసిన ప్రతి కోడినీ కనీసం 30 రోజులు విడిగా ఉంచాలి, దాని నీళ్ల గిన్నె కూడా వేరుగా ఉండాలి. పాత పుంజు బీజం పెట్ట ఒంట్లో రెండు, మూడు వారాలు నిలుస్తుంది కాబట్టి, కొత్త పుంజు పిల్లలే కావాలనుకుంటే పాతదాన్ని తీసేశాక మూడు వారాలు ఆగి గుడ్లు ఏరండి.

మేత గురించి ఒక్క మాట. గుడ్లుపెట్టే కోళ్ల దాణాలో కాల్షియం 3.5 నుంచి 4 శాతం దాకా ఉంటుంది. పుంజులకు, ఎదిగే పిల్లలకు నెలల తరబడి అదే పెడితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. మందంతటికీ కాల్షియం తక్కువున్న దాణా వేసి, ఆల్చిప్పల పొడి విడిగా ఒక గిన్నెలో పెడితే పెట్టలు తమకు కావలసినంత తామే తింటాయి.

జమాఖర్చుల పట్టిక సర్వసభ్య సమావేశంలో విడిగా అందజేస్తాం. టీకాల రోజు ఏర్పాట్లన్నీ భుజాన వేసుకున్న సభ్యులకు కమిటీ కృతజ్ఞతలు తెలుపుతోంది.

వచ్చే పొదుగు కాలం నుంచి ఒక రిజిస్టర్ పెడుతున్నాం. గుడ్లు పొదిగించే ముందే, దిగే పుంజు పిల్లల్ని ఎక్కడ ఉంచుతారో, ఎవరికి ఇస్తారో అందులో రాయాలి. చోటు లేనివాళ్లు పొదిగించకముందే చెబితే, చోటున్న సభ్యులతో మాట్లాడి పెడతాం. రిజిస్టర్ సర్వసభ్య సమావేశం రోజున బల్ల మీద ఉంటుంది.

ఇట్లు,
కార్యదర్శి