గోదావరి బోర్డులో గిరిజన గ్రామసభలకూ చోటు కల్పించాలి

సంపాదకులు గారికి,

గోదావరి జలాల పంపకం గురించి పత్రికల్లో తరచుగా వస్తున్న వార్తల్లో టీఎంసీల లెక్కలు, ప్రాజెక్టుల సమగ్ర నివేదికలైన డీపీఆర్‌లు, రెండు రాష్ట్రాల అభ్యంతరాలు అన్నీ ఉంటున్నాయి గానీ, ఆ నదినీ దాని ఉపనదులనూ ఆనుకుని తరతరాలుగా బతుకుతున్న కోయలకు, కొండరెడ్లకు నీటి నిర్వహణలో చోటెక్కడ అన్న ప్రశ్న మాత్రం కనిపించడం లేదు. 2014 నాటి పునర్విభజన చట్టం కింద ఏర్పడిన గోదావరి నదీ యాజమాన్య బోర్డులో కేంద్రం నియమించిన వారు, రెండు రాష్ట్రాల అధికారులు కూర్చుంటారు. నది ఒడ్డున ఉన్న గూడెం తరఫున అక్కడ ఎవరూ లేరు.

ఈ లోటు ఎంతటిదో కూనవరం వస్తే తెలుస్తుంది. అక్కడ శబరి గోదావరిలో కలుస్తుంది. గోదావరి పెరిగిందంటే శబరి ముందుకు సాగలేక ఎగదన్ని, చింతూరు వైపు వాగులన్నింటినీ పొంగిస్తుంది. ఏ వాగు ముందు పొంగుతుందో, ఏ దారి మూసుకుపోతుందో, ఏ గూడెం వాళ్లు ఎటు మెరక ఎక్కాలో ఇక్కడి పెద్దలకు 1986 వరద నాటి నుంచీ అనుభవమే. ఆ ఏడాది భద్రాచలం వద్ద నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో మళ్లీ 71 అడుగులు దాటింది. భద్రాచలంలో 43, 48, 53 అడుగుల వద్ద జారీ చేసే మూడు ప్రమాద హెచ్చరికలు ఎంతో అవసరమే, అయితే లోపలి గూడేలకు నీరు ఏ దారిన వస్తుందో ఆ అంకెలు చెప్పవు. చెప్పగలిగిన వారిని అడిగే ఏర్పాటే మన దగ్గర లేదు.

న్యూజిలాండ్‌లో వాంగనూయి నది విషయంలో అలాంటి ఏర్పాటు జరిగింది. ఆ నదిపై తమ హక్కు కోసం అక్కడి ఆదివాసులైన మావోరి తెగలు 1938లోనే న్యాయస్థానానికి వెళ్లాయి. చివరకు 2017 మార్చిలో అక్కడి పార్లమెంటు నదిని చట్టబద్ధమైన వ్యక్తిగా, అంటే మనిషిలాగే చట్టం ముందు హక్కులున్నదిగా గుర్తించి, దాని తరఫున మాట్లాడేందుకు ప్రభుత్వం పక్షాన ఒకరిని, తెగల పక్షాన ఒకరిని నియమించే పద్ధతి పెట్టింది. నది ప్రణాళికను రూపొందించే బృందంలో తెగలతో పాటు స్థానిక సంస్థలకు, జలవిద్యుత్ సంస్థకు కూడా చోటిచ్చింది. గిరిజనులకు అధికారమిస్తే ప్రాజెక్టులు ఆగిపోతాయని భయపడేవారు ఈ చివరి సంగతిని ప్రత్యేకంగా గమనించాలని నా మనవి.

అదే నెలలో ఉత్తరాఖండ్ హైకోర్టు గంగా యమునలను చట్టబద్ధమైన వ్యక్తులుగా ప్రకటించింది. కానీ సంరక్షకులుగా నియమించింది గంగా ప్రక్షాళన పథకమైన నమామి గంగే డైరెక్టరును, ప్రభుత్వ ప్రధాన కార్యదర్శిని, అడ్వకేట్ జనరల్‌ను. జూలైలో సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసింది. తీర్పు అమల్లో ఉండి ఉన్నా, ఒడ్డున బతికేవారికి దానివల్ల కొత్తగా దక్కేదేమీ లేదని నా అభిప్రాయం.

మన చట్టాల్లో పునాది లేకపోలేదు. గిరిజనులు ఎక్కువగా ఉండే షెడ్యూల్డ్ ప్రాంతాల్లోని చిన్న నీటి వనరుల ప్రణాళికను, నిర్వహణను, పంచాయతీ వ్యవస్థను ఆ ప్రాంతాలకు విస్తరించిన 1996 నాటి పీసా చట్టం పంచాయతీలకు అప్పగించింది. చేపలు, ఇతర జల ఉత్పత్తులపై సామూహిక హక్కును, నీటి వనరులను కాపాడే అధికారాన్ని 2006 నాటి అటవీ హక్కుల చట్టం గుర్తించింది. చెరువు దగ్గర చెల్లిన మాట నది దగ్గర చెల్లకుండా పోవడం ఏం న్యాయం? ఇంజనీరింగ్ విషయాలు గ్రామస్తులకు అర్థం కావని అనేవారికి ఒక సంగతి గుర్తుచేస్తాను. 1997లో ఉమ్మడి రాష్ట్రం చట్టం చేసి కాలువల నిర్వహణను ఆయకట్టు రైతుల నీటి సంఘాలకు అప్పగించింది. దిగువన మాగాణి ఉన్న రైతు మీద ఉంచిన ఆ నమ్మకాన్ని, పోలవరం కోసం ఊరు వదులుకుంటున్న గిరిజనుడి మీద కూడా ఉంచాలి.

బోర్డు కూర్పు మార్చాలంటే పార్లమెంటు చట్టాన్ని సవరించాలి కనుక, ఆలోగా గోదావరి, శబరి, సీలేరు తీరాల గ్రామసభలు ఎన్నుకున్న ప్రతినిధులను బోర్డు సమావేశాలకు శాశ్వత ఆహ్వానితులుగా పిలవాలని, నీటి విడుదల, వరద సమాచారం వారికి నేరుగా, వారి భాషలో అందించాలని, వారి అభ్యంతరాలను సమావేశ నివేదికలో నమోదు చేసి లిఖితపూర్వకంగా జవాబివ్వాలని కేంద్ర జలశక్తి శాఖను, రెండు రాష్ట్ర ప్రభుత్వాలను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, చింతూరు